హార్డ్ వేరు, హార్డ్‌లీ వేరు

అందరికీ నమస్కారం. ఇంటర్వ్యూలకి తయారవుతున్న పిల్లల నోట నేను తరచూ వినే వాక్యం ఒకటుంది. "సర్, ఐ విల్ వర్క్ హార్డ్‌లీ." చెప్పాలనుకున్నది "కష్టపడి పనిచేస్తాను" అని. అవతలివాళ్లకి వినపడేది "నేను పెద్దగా పనిచెయ్యను" అన్నట్టు! నిజంగా రాత్రింబవళ్లు కష్టపడే పిల్లలే ఈ మాట అంటారు. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇది తెలివితక్కువతనం కాదండీ. మన తెలుగులోంచి వచ్చిన లెక్క. స్లో అంటే నెమ్మది, స్లోలీ అంటే నెమ్మదిగా. క్లియర్ అంటే స్పష్టం, క్లియర్‌లీ అంటే స్పష్టంగా. ఇంకేముంది, ఇంగ్లీషు "లీ" అంటే మన "గా" అని తేల్చేసుకుంటాం. చాలాచోట్ల కుదురుతుంది కూడా. ఆ ధైర్యంతోనే ఫాస్ట్‌ని ఫాస్ట్‌లీ చేసేస్తాం. ఇవాళ్టి ఇంగ్లీషులో అలా అనరు. ఫాస్ట్ అంటే చాలు.

ఎందుకిలా? పాత ఇంగ్లీషులో "లీచ్" అనే మాట ఉండేది. శరీరం, రూపం అని అర్థం. అదే అరిగి అరిగి ప్రత్యయమైంది. మన "గా" కూడా అంతే, "అగు" అనే క్రియ నుంచి పుట్టింది. ఫ్రెండ్ లాంటి తీరున్నది ఫ్రెండ్‌లీ. అందుకే అది విశేషణం. "హీ స్పోక్ ఫ్రెండ్‌లీ" అంటే కుదరదు, "ఇన్ ఎ ఫ్రెండ్‌లీ వే" అనాలి. ఆ రోజుల్లో క్రియావిశేషణం కావాలంటే చివర ఇంకో అచ్చు చేర్చేవారు. హార్డ్‌కీ అలాంటి అచ్చే ఉండేది. రానురాను అది రాలిపోయింది. అందుకే ఇప్పుడు "గట్టి"కీ హార్డే, "గట్టిగా"కీ హార్డే.

లేట్ కూడా ఇంతే. ఆలస్యంగా వచ్చానంటే "ఐ కేమ్ లేట్". లేట్‌లీ అంటే ఈమధ్య అని.

ఇంకోటి, ఇది మన వంటింట్లోదే. టీచ్ చేసేవారు టీచర్, పెయింట్ చేసేవారు పెయింటర్. మరి వంట చేసేవారు? కుక్! కుకర్ అంటే స్టవ్ మీద విజిల్ వేసేది. "మై మదర్ ఈజ్ ఎ గుడ్ కుకర్" అని ప్రేమగా చెప్పే పిల్లలున్నారు. దయచేసి అమ్మని కుక్ అనండి.

మళ్లీ హార్డ్‌లీ దగ్గరికొద్దాం. దానికి మొదట్లో "బలంగా" అనే అర్థమే ఉండేది. తర్వాత "కష్టం మీద" అయింది, ఆపైన "దాదాపు లేనట్టే" అయింది. కష్టం అనే మాట లేకపోవడం దాకా ఎలా జారిందా అనిపిస్తోందా? మన ఇళ్లల్లో రోజూ జరిగేదే. "బావ ఇవాళ వస్తాడా?" అని అడిగితే అత్తయ్య ఏమంటుంది? "ఈ వానలో రావడం కష్టమేరా" అంటుంది. వెంటనే మనం బావకి పెట్టిన కంచం తీసేస్తాం.