మూడో పిల్లి

వేదిక మీది పెద్దలకు, కిందనున్న మేస్టార్లకు, టీచరమ్మలకు, పిల్లలకు నమస్కారం. గణిత దినోత్సవం కదా, రామానుజన్ గురించి మాట్లాడమన్నారు. ఇందాకటి నుంచీ ముగ్గురు ఆయన గురించే చెప్పారు. నేను మినపరొట్టె గురించి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఏడో తరగతిలో దత్తాంశ నిర్వహణ అని పాఠం. సరాసరి అంటే ఏంట్రా అంటే గుంటలు నిద్రలో లేపినా చెప్తారు, "రాశుల మొత్తం బై రాశుల సంఖ్య" అని. అలా ఎందుకు భాగించాలిరా అనండి, గోడ మీద బల్లికేసి చూస్తారు.

ముప్పై ఏళ్ల కిందట ఈ విజయనగరం జిల్లాలోనే ఒక పల్లె బడిలో ఉండేవాణ్ణి. ఓరోజు ఇంటి నుంచి మినపరొట్టె పట్టుకెళ్లి, రెండు పిల్లులు, కోతి కథ మొదలెట్టాను. ఇద్దరు పిల్లలు సుద్దముక్కతో మీసాలు దిద్దుకున్నారు. రొట్టెని పది ముక్కలు కోసి, ఒక పిల్లికి ఏడు, ఇంకోదానికి మూడు. కోతి ఏం చేస్తుంది? ఎక్కువున్న వైపు నాలుగు తినేస్తుంది. మూడు, మూడు. తగువు తీరిపోయింది!

"సమానమే గానీ మేస్టారూ, నాలుగు ముక్కలు ఎటెల్లిపోనాయి?" అంది ముందు బెంచీ పిల్ల. అని ఊరుకోలేదు. లేచొచ్చి ఏడులోంచి రెండు తీసి మూడు పక్కన పెట్టింది. అయిదు, అయిదు. సరాసరి అంటే అదేనండీ, మడి చదును చెయ్యడం. మిట్ట మీది మట్టి పల్లంలోకి వెళ్లాలి గానీ గట్టు దాటకూడదు.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో గుంత లెక్క ఉంది. వెడల్పు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే చాలాచోట్ల కొలిచి, కలిపి, కొలిచినన్ని చోట్లతో భాగించమంటాడు. అదీ శ్లోకంలో! మన పావులూరి మల్లన తెలుగులో లెక్కలన్నీ పద్యాల్లోనే చెప్పాడు. మరి నేను కథ చెప్తే తప్పా?

తప్పేనన్నారు. అసలు ఆ మాట చెప్పుకుందామనే వచ్చాను.

అప్పుడే మూడో పిల్లిని దించాను, రొట్టె దొరకని పిల్లిని. దాన్ని లెక్కలో వెయ్యాలా? సగం క్లాసు వద్దంది. "దాని దగ్గర ఏం లేదు కదండీ!" టీచరమ్మా, మీ పిల్లలూ ఇక్కడే జారతారు, అవునా? సున్నా కూడా రాశేనని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. మూడో పిల్లి "మ్యావ్, నాకూ ఆకలే" అన్నాక ఎక్కింది. పది ముక్కలు, ముగ్గురు. మూడేసి పెడితే ఒకటి మిగిలింది. దాన్ని మూడు చెయ్యబోతుంటే గుమ్మంలో తనిఖీకొచ్చిన అధికారి.

"కథలతో సిలబస్ అవుతుందా? క్లాసులో ఈ తిండేమిటి?" అని నా కుర్చీలో కూర్చుని ఎర్రసిరాతో అరపేజీ రాశారు. ఆ అరపేజీ నాకిప్పటికీ కంఠతా వచ్చు. చదవను లెండి, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. ఆయన రాస్తూ రాస్తూ, చెయ్యి చాచి, ఆ మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నారు.

క్లాసంతా నిశ్శబ్దం. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"మేస్టారూ, ఇప్పుడు సరిగ్గా మూడేసి వొస్తాయండీ!"