కుక్కల బండి ఎక్కిన కుక్క ఎక్కడికెళ్తుంది? | ఏబీసీ సెంటర్ రివ్యూ

ముందు ఈ చెవి చూడండి. కొసన చిన్న వి ఆకారంలో గాటు కనిపిస్తోందా? కొట్లాటలో చిరిగిన చెవి అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇది కత్తిరించినట్టు నున్నగా ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రేబీస్ టీకా పడింది అని గుర్తు ఇది. మత్తులో ఉన్నప్పుడే పెడతారు. మీ వీధిలో పది కుక్కలుంటే ఎన్నింటికి ఈ గాటు ఉందో లెక్కపెట్టండి. రేబీస్ ఆగాలంటే కనీసం 70 శాతం కుక్కలకి టీకా పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీకు ఏడు రాలేదా? అయితే ఈ వీడియో పూర్తిగా చూడండి.

హైదరాబాద్‌లో ఫతుల్లాగూడ, ఆటోనగర్, చూడీబజార్ లాంటి చోట్ల జంతు సంరక్షణ కేంద్రాలున్నాయి. పేరు విని, కుక్కలు అక్కడే ఉండిపోతాయనుకుంటారు చాలామంది. ఉండవండీ. 2023 ఏబీసీ రూల్స్ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే వీధి కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు) ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలేయాలి. అంతా కలిపి వారం లోపు పని.

పట్టడం దగ్గర మొదలుపెడదాం. బండి తెల్లారుజామున వస్తే టీమ్‌కి పని తెలుసన్నమాట. ట్రాఫిక్ ఉండదు, కుక్కలు ముడుచుకుని పడుకుని ఉంటాయి. వలతో గానీ చేత్తో గానీ పట్టాలి. ఇనుప పట్టకారు, తీగ ఉచ్చు కనిపిస్తే అక్కడే మార్కులు కోసేయండి. పట్టగానే మెడలో నంబర్ బిళ్ల వేసి, రిజిస్టర్‌లో ఆ నంబర్ ఎదురుగా చోటు రాయాలి. ఉత్తినే "ఉప్పల్" అని రాస్తే చాలదు. ఏ కాలనీ, ఏ రోడ్డు, ఏ వాటర్ ట్యాంక్ పక్కన, అన్నీ ఉండాలి. సెంటర్‌కి వెళ్తే ముందు ఆ రిజిస్టరే అడగండి. ఆ ఒక్క లైను సరిగా లేకపోతే ఐదో రోజు డ్రైవర్ అందాజాగా ఎక్కడో దింపేస్తాడు. అక్కడి గుంపు దాన్ని తరుముతుంది. అది బెదిరిపోయి బండ్లకి అడ్డం పడుతుంది, మనుషుల మీద ఎగబడుతుంది. పాత వీధిలో ఖాళీ అయిన జాగాలోకి ఆపరేషన్ కాని కొత్త కుక్కలు దిగుతాయి. రెండు వీధులూ చెడిపోయాయి కదా!

ఆపరేషన్‌కి ముందు దాదాపు 12 గంటలు తిండి పెట్టరు. జాలిపడి ఎవరైనా బిస్కెట్ వేశారో, మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆడకుక్కకి గర్భసంచి, అండాశయాలు రెండూ తీస్తారు. తీసిన అవయవాలు దాచి ఉంచాలి, పర్యవేక్షణ కమిటీ లెక్కపెట్టాకే కాల్చేయాలి. బిల్లులో వంద ఆపరేషన్లుండి డబ్బాలో ఎనభై కుక్కల అవయవాలే ఉంటే ఇక చెప్పేదేముంది.

కోత కంటే తర్వాతి నాలుగైదు రోజులే కష్టం. పొద్దున్నే నీళ్లు కొట్టి కడిగి, నేల ఆరకముందే కుక్కని లోపలికి తోలితే కుట్టు తడిసి చీము పడుతుంది. రెండిటిని ఒకే కెన్నెల్‌లో, అంటే ఒకే కుక్కల గదిలో పెడితే ఒకదాని కుట్లు ఇంకోటి నాకి విప్పేస్తుంది. ఫినాయిల్ వాసన గుప్పుమంటోంది కదా, శుభ్రంగానే ఉందనుకోకండి. కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్ ఫినాయిల్‌కి చావదు. మలం పూర్తిగా తీసేసి, ఒక పాలు లిక్విడ్ బ్లీచ్‌కి 30 పాళ్ల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఆగి కడగాలి. అందుకే కుక్కపిల్లల గది, బకెట్, చీపురు వేరుగా ఉన్నాయో లేదో చూడండి. చీపురు సంగతి ఎవరూ అడగరు, మీరు అడగండి.

ఇప్పుడు అసలు చిక్కు. 60 కెన్నెళ్లున్నాయి, ఒక్కో కుక్క ఆరు రోజులుంటుంది అనుకోండి. రోజుకి పది ఆపరేషన్లు సాగుతాయి. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలొద్దంది. వాటిని ఈ కెన్నెళ్లలోనే ఉంచారనుకోండి, 30 నిండేసరికి ఆపరేషన్లు రోజుకి ఐదుకి పడిపోతాయి. అవతల వీధిలో ఈనేవి ఈనుతూనే ఉంటాయి. తిరిగి వదలకూడని ఆ కుక్కలకి వేరే షెడ్డు కట్టకుండా ఈ లెక్క తేలదు, మా మాట ఇదే.

కరిచిన కుక్క సంగతి క్లుప్తంగా చెప్తాం. దాన్ని పది రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. మీరు మాత్రం ఆ పది రోజులూ ఆగొద్దు. గాయాన్ని సబ్బు, ధార నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్లండి.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు "కుక్కల్ని తీసుకెళ్లిపోండి" అంటే పని కాదు. ఎన్ని ఉన్నాయి, ఆడవెన్ని, గాటు లేనివెన్ని, ఏ టైమ్‌కి ఎక్కడ చేరతాయి, ఇవి చెప్పండి. రోజూ అన్నం పెట్టే మనిషిని ఆ పొద్దున అక్కడ నిలబెట్టండి, పట్టడం సగం తేలికవుతుంది. ఆరు నెలల లోపు పిల్లలకి ఆపరేషన్ చేయరు. తల్లి పొదుగు నిండుగా వేలాడుతుంటే పాలిస్తోందని అర్థం, దాన్ని ఇప్పుడు పట్టించకండి. పిల్లలు అన్నం తినడం మొదలుపెట్టి పాలు మానేశాక మళ్లీ ఫోన్ చేయండి. మరీ ఆలస్యం చేస్తే మళ్లీ కడుపుతో ఉంటుంది.