నిండుగా మిగిలిన సీసా

అందరికీ మేడే నమస్కారాలు. పెద్దల పేర్లన్నీ చదివితే టైము అయిపోతుంది, మన్నించాలి.

1923లో సింగారవేలర్ గారు దేశంలో మొదటి మేడే జరిపింది ఈ మద్రాసులోనే. మెరీనాలో బండను కదిలిస్తున్న నలుగురి విగ్రహం చూసే ఉంటారు. నలుగురూ మగవాళ్లే. నేను ఆడకూలీల సంగతి చెప్పాలి.

మూడు రోజుల్లో కత్తిరి ఎండలు. నీళ్ల గురించి చెప్పమన్నారు. దాహం వేసేదాకా ఆగొద్దు. పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగండి. మన ఉక్కలో చెమట పడుతుంది గానీ త్వరగా ఆరదు, ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఉప్పేసిన మజ్జిగ కూడా తాగండి. ఇదంతా మీకు తెలుసు. మా వదినకీ తెలుసు.

వదినా నేనూ పల్లావరం అవతల ఒక సైటులో ఇసుక తట్టలు మోసేవాళ్లం. తను రోజూ రెండు లీటర్ల సీసా తెచ్చుకునేది. సాయంత్రానికి కూడా నీళ్లు సీసా మెడదాకా అలాగే ఉండేవి. ఎందుకు తాగలేదు వదినా అంటే, "తాగితే ఎక్కడికెళ్లమంటావే?" అంది. ఆ సైటులో మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు గోడ చాటుకి పోయేవారు. మేం చీకటి పడేదాకా బిగబట్టుకునేవాళ్లం. మూత్రం మంటా, ఎర్రగా రావడమూ మాకు అలవాటే.

ఒక మధ్యాహ్నం వదిన మెట్ల మీద తట్టతో ఆగిపోయింది. నన్ను చూసి "అమ్మా" అని పిలిచింది. ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడిందంటే వడదెబ్బేనని అప్పటికి నాకు తెలియదు. పడిపోయాక ఎవరో నోట్లో నీళ్లు పోశారు. అయ్యా, స్పృహ లేనివాళ్లకి నీళ్లు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి! నీడకి చేర్చండి, ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. మేం ఆటో కోసం అరగంట నిలబడ్డాం. వదిన బతికింది. మళ్లీ తట్ట ఎత్తలేదు.

1996 భవన కార్మికుల చట్టంలో 32వ సెక్షను తాగునీరు, 33వది మరుగుదొడ్డి గురించి ఉండేవి. పక్కపక్కనే రాశారు. రాసినవాళ్లకి తెలిసిందే మన సైట్లలో ఎందుకు తెలియడం లేదు?

మేస్త్రీలూ, సాయంత్రం మీ ఆడకూలీల సీసాలు చూడండి. నిండుగా ఉంటే వాళ్లని తిట్టొద్దు. ఇంజనీరు దగ్గరికెళ్లి, గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి అడగండి.

ఎవరి సైటులో అలాంటిది ఉంది? చేతులెత్తండి. వెనక కూర్చున్న అమ్మా, మీరూ. పదకొండు మంది. మిగతావాళ్లు వెళ్లేముందు ఈ పుస్తకంలో మీ సైటు పేరు రాయించండి. రేపు పొద్దున మొదటి పేరు దగ్గరికి నేనే వస్తాను.