కొరమీను రీలుతో ట్రౌట్ పడుతుందా?

[తెర మీద: నెల్లూరులో ఒక మిద్దె. సాయంత్రం వెలుగు. చాప మీద రెండు రీళ్ళు, గాలిపటం చరఖా, టైలర్ దారం కోన్.]

నమస్తే అన్నా. మా పిన్ని కొడుకు హిమాచల్ పోతున్నాడు. తీర్థన్ నదిలో ట్రౌట్ చేప పట్టాలని ఒకటే గోల. నిన్న ఫోన్ చేసి, "అన్నా, నీ బెయిట్‌కాస్టర్ ఇయ్యవా, తీసుకపోతా" అన్నాడు. చెరువుల్లో కొరమీను కోసం నేను వాడే రీలు అది. ఇయ్యనని చెప్పేసినా. పిసినారితనం కాదబ్బా, చూపిస్తా చూడండి.

[చరఖా దగ్గరగా.]

గాలిపటం లాగితే చరఖా తిరుగుతుంది, దారం పోతుంది. గాలి టక్కున పడిపోతే పటం నిలబడిపోతుంది. చరఖా మాత్రం ఊపులో ఇంకో నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆ దారం ఎక్కడికి పోవాల? అక్కడే వదులై, ఒకదాంట్లో ఒకటి దూరి చిక్కుపడుతుంది. బెయిట్‌కాస్టర్ కథ కూడా ఇదే. విసిరిన ఎర తన బరువుతో, దారం చుట్టుండే స్పూల్‌ని తిప్పుకుంటూ పోవాల. గాలిలో ఎర నెమ్మదించినా స్పూల్ ఆగదు. అందుకే లోపల బ్రేకు పెడతారు, పైన మన బొటనవేలు కాపలా ఉండాల. ఒకసారి మైపాడులో సముద్రపు గాలికి ఎదురు విసిరి, ఇసుకలో కూర్చుని గంటసేపు చిక్కు తీసినా. చివరికి కత్తెరే దిక్కయింది.

[దారం కోన్.]

ఈ కోన్ చూడండి. ఇది తిరగదు. దారం కొసనుంచి చుట్లు చుట్లుగా ఊడొస్తుంది, అంతే. చాప మీదున్న రెండో రకం, స్పిన్నింగ్ రీలు కూడా ఇంతే. విసిరేటప్పుడు స్పూల్ కదలదు కాబట్టి, ఎర దేన్నీ తిప్పే పని లేదు.

ఇప్పుడు ట్రౌట్ సంగతి. దానికి వాడే స్పూన్లు, స్పిన్నర్లు, అంటే మెరిసే చిన్న లోహపు ఎరలు, ఎక్కువగా 2 నుంచి 7 గ్రాములు. ఇప్పటి రూపాయి బిళ్ళ 3, 4 గ్రాముల మధ్య ఉంటుంది. అంత బరువు మామూలు బెయిట్‌కాస్టర్ స్పూల్‌ని ఏం తిప్పుతుంది?

[3 గ్రాముల స్పూన్. ముందు బెయిట్‌కాస్టర్‌తో విసురు: వాటర్ ట్యాంకు దాకా కూడా పోలేదు. తర్వాత స్పిన్నింగ్‌తో: అవతలి పిట్టగోడకి తగిలింది.]

చూసినారా? జపాను వాళ్ళు చిన్న ఎరల కోసమే తేలికపాటి స్పూల్‌తో బెయిట్‌కాస్టర్లు చేసినారు. బాగుంటాయి, కానీ మొదటిసారి పోయేవాడికి ఆ ఖర్చు దండగ.

అట్లని బెయిట్‌కాస్టర్‌ని తీసిపారేయొద్దు. గుర్రపుడెక్క మధ్యలో 12 గ్రాముల కప్ప బొమ్మని అనుకున్న చోటే దించి, కొరమీనుని ఆకుతో సహా గుంజాలంటే నా చేతికి అదే కావాల. ట్రౌట్ ఉండేది చల్లటి కొండ నీళ్ళలో. అక్కడ సన్న దారం, చిన్న ఎర.

కాబట్టి తమ్ముడికి చెప్పింది: 1000 నుంచి 2500 సైజు లోపల స్పిన్నింగ్ రీలు, 4 నుంచి 6 పౌండ్ల దారం. కర్ర కూడా స్పిన్నింగ్‌దే కొనాల. ఆ రీలు కర్ర కింద వేలాడుతుంది, మొదటి రింగు పెద్దది. బెయిట్‌కాస్టర్ కర్ర మీద కూర్చుంటుంది, రింగులు చిన్నవి. రీలు ఒకటి మార్చి సరిపెట్టుకుందామంటే కుదరదు.

చేప గట్టిగా లాగితే దారం తెగకుండా కొంచెం కొంచెంగా జారనిచ్చే బిగింపే డ్రాగ్. దాని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 6 పౌండ్ల దారం అంటే సుమారు 2.7 కిలోలు తట్టుకుంటుంది. అందులో నాలుగో వంతుకే డ్రాగ్ జారాల.

[దారం కొసకి స్ప్రింగు కాటా తగిలించి లాగుతూ.]

ఇదిగో, 700 గ్రాముల దగ్గర కిర్రుమంది. చాలు. చేప దారం లాక్కుపోతున్నప్పుడు మాత్రం హ్యాండిల్ తిప్పొద్దు. తిప్పినకొద్దీ దారం మెలిపడుతుంది, మర్నాడు స్పూల్ మీద సుడులు లేస్తాయి. విసిరినాక, దారాన్ని స్పూల్ మీదికి మళ్ళించే కమ్మీని (బెయిల్) కూడా చేత్తోనే మూయండి.

ఇంకొకటి. హిమాచల్‌లో ట్రౌట్‌కి లైసెన్సు కావాల. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట బందు, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మా వాడు డిసెంబరుకి టికెట్టు తీసుకున్నాడు. ఇప్పుడు క్యాన్సిల్ చేసే పనిలో ఉన్నాడు.