థ్రిల్: ఒంట్లో దిగే మాట

శ్రోతలకు నమస్కారం. ఇవాళ థ్రిల్ అనే ఇంగ్లీషు మాట గురించి చెప్పుకుందాం.

దీని మూలంలో సంతోషం లేదు, చిల్లు ఉంది. పాత ఇంగ్లీషులో థిరెల్ అంటే రంధ్రం. దాన్నుంచి వచ్చిన క్రియకు అర్థం తొలచడం, గుచ్చడం. వాడుకలో 'ర' ముందుకు జరిగి థిర్ల్ కాస్తా థ్రిల్ అయింది. ముక్కు రంధ్రాన్ని నాస్ట్రిల్ అంటారు కదా, అందులో చివర వినిపించేది ఆ చిల్లే. ఈటె దిగినట్టు ఒక భావం ఒంట్లోకి దిగడం అనే అర్థం 16వ శతాబ్దం చివరికి వచ్చింది.

అందుకే ఉత్సాహం దీనికి సరైన సాటి కాదు. ఉత్సాహం రోజంతా ఉంటుంది, థ్రిల్ ఒక్క క్షణం జివ్వుమంటుంది. పులకింత దగ్గరి మాటే గానీ అందులో భయం లేదు. గగుర్పాటులో భయమే ఎక్కువ. థ్రిల్ ఈ రెంటినీ మోయగలదు.

అయితే 'ఐ యామ్ థ్రిల్డ్' అన్నారంటే అది పూర్తిగా ఆనందమే. భయపెట్టిన సినిమా చూసి వచ్చి అలా అంటే, సినిమా మహా నచ్చిందనే అర్థం చేసుకుంటారు. ఇక తరచూ దొర్లే తప్పు 'ఐ యామ్ థ్రిల్లింగ్'. అంటే నన్ను చూస్తే ఎదుటివాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుందని! అనుభవించే మనిషికి థ్రిల్డ్, కలిగించే సంగతికి థ్రిల్లింగ్. చేతికందిన కానుకైతే 'థ్రిల్డ్ విత్', స్నేహితుడి గెలుపు చూసి సంతోషిస్తే 'థ్రిల్డ్ ఫర్ యూ'. దీని ముందు వెరీ అంతగా అతకదు, మాటలోనే తీవ్రత నిండుగా ఉంది కనుక. 'అబ్సల్యూట్లీ థ్రిల్డ్' అనండి. 'నాట్ ఎగ్జాక్ట్లీ థ్రిల్డ్' అని ఎవరైనా అంటే మాత్రం వాళ్ళకు నచ్చలేదనే.

పలికేటప్పుడు ఒక జాగ్రత్త. మన 'థ'లో నాలుక పళ్ళకు తగిలి గాలిని ఒక్క క్షణం ఆపుతుంది. ఇంగ్లీషులో నాలుక కొనను పళ్ళ మధ్యకు తెచ్చి గాలిని ఆపకుండా వదలాలి. 'ట' పలికితే ట్రిల్ అవుతుంది, అది స్వరాన్ని వణికించడం.

వైద్యులకూ ఒక థ్రిల్ ఉంది. గుండెలో రక్తం సుడి తిరిగితే వినిపించే మర్మర్ శబ్దాన్ని ఆరు స్థాయిలుగా లెక్కిస్తారు. నాలుగో స్థాయి నుంచి ఛాతీ మీద చెయ్యి పెడితే ఆ అదురు తెలుస్తుంది. దాని పేరు కూడా థ్రిల్లే.