పుట్టినరోజుకి ఇంట్లో చేసే కార్డులు, తినుబండారాలు: ఏవి నిలిచాయి, ఏవి చెడాయి | రివ్యూ

నమస్తే అండీ. ఈ టేబుల్ మీద మూడు రకాల పుట్టినరోజు కార్డులు, నాలుగు రకాల తినుబండారాలు ఉన్నాయి. అన్నీ ఇంట్లో చేసినవే. పిల్లలు కార్డుని ఒకసారి తెరిచి పక్కన పెట్టరు కదా. తెరుస్తారు, మూస్తారు, తలకిందులు చేసి ఊపుతారు. స్కూల్లో పంచే స్వీటు ఏమో పొద్దున్నే బ్యాగులోకి వెళ్తుంది, పంచేసరికి మధ్యాహ్నం అవుతుంది. అందుకని ఈ వీడియోలో చూసేవి రెండే. కార్డు మడత దగ్గర ఎలా ఉంది? తినేది బ్యాగులోంచి బయటికి వచ్చాక ఎలా ఉంది?

ముందు కాగితం సంగతి. స్టేషనరీ షాపులో "మందం కాగితం ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. జీఎస్ఎం అడగండి, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుంటుందో ఆ లెక్క. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. కార్డు పైఅట్టకి 250 నుంచి 300 జీఎస్ఎం ఐవరీ షీటు తీసుకోండి. లోపలి పేజీకి 120 నుంచి 160 చాలు.

ఇంకో విషయం, చాలామంది పట్టించుకోనిది: కాగితానికి ఒక వాటం ఉంటుంది. ప్రెస్సు వాళ్లు గ్రెయిన్ అంటారు. షీటుని మడత పడకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే మడత ఆ వైపే పెట్టాలి. ఇదిగో, ఈ రెండు కార్డులూ ఒకే షీటులోంచి కోసినవి. ఇది వాటానికి మడిచింది, మడత గీత నున్నగా ఉంది. ఇది ఎదురు మడిచింది. దగ్గరగా చూడండి, మడత మీద రంగు పొర పగిలి తెల్లటి పీచు పైకి లేచింది. పిల్లలు పదిసార్లు తెరిస్తే ఇక్కడే చిరుగుతుంది.

మందం షీటుని చేత్తో నేరుగా మడవకండి. సిరా అయిపోయిన బాల్ పెన్ను రీఫిల్‌తో, స్కేలు ఆనించి, గట్టిగా ఒక గీత లాగండి. కాగితం తెగకూడదు, పల్లం పడాలి. ఆ పల్లం బయటి వైపుకి వచ్చేలా మడవాలి. చాలామంది పల్లం లోపలికి పెట్టి మడుస్తారు. అప్పుడు వెనకవైపు ఉబ్బు బయట పడి, సాగి, పగులుతుంది.

మొదటి కార్డు అన్నిటికంటే తేలిక. మామూలు ఏ4 కాగితాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తున్న బుజ్జి కార్డు వస్తుంది. బొమ్మలూ రాతా అన్నీ కాగితానికి ఒకే వైపు ఉంటాయి కాబట్టి స్కెచ్ పెన్ను సిరా రెండో వైపుకి దిగినా కనపడదు. జిగురు అక్కర్లేదు. ఐదారేళ్ల పిల్లలు క్లాసులో అందరికీ థ్యాంక్యూ కార్డులు చేయాలంటే ఇదే. ఒక్కటి చూసుకోండి: పూర్తిగా విప్పి పరిచినప్పుడు పైవరుసలో ఉండే భాగాలు మడిచాక తలకిందులవుతాయి. కాబట్టి ముందే మడిచి, నాలుగు ముఖాల మీదా పెన్సిల్‌తో పైకి బాణం గుర్తు వేసుకుని, అప్పుడు విప్పి బొమ్మలు వేయించండి.

రెండోది పాప్అప్ కార్డు. ఎక్కువసేపు దీని మీదే మాట్లాడతాను, ఎందుకంటే పిల్లలకి నచ్చేదీ ఇదే, ఎక్కువగా పాడయ్యేదీ ఇదే.

లోపలి పేజీకి ఏ4 కాగితాన్ని 210 మిల్లీమీటర్ల మడత వచ్చేలా సగానికి మడవండి. ఒక్కో సగం సుమారు 148 మిల్లీమీటర్లు. మడిచి ఉంచే, మడత వైపు నుంచి లోపలికి రెండు సమాన గాట్లు కత్తిరించండి. రెండిటి మధ్య దూరం 80, ఒక్కో గాటు పొడవు 50 మిల్లీమీటర్లు. ఆ పట్టీని ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి మడిచి గట్టిగా గోరుతో రుద్దండి. ఇప్పుడు కార్డు తెరిచి, పట్టీని వేలితో లోపలికి తోయండి. చూశారా, మెట్టులా పెట్టె నిలబడింది. ఇదే మన కేకు. దీని ముందు ముఖం మీద కేకు బొమ్మ, కొవ్వొత్తులు అతికిస్తాం.

ఇక్కడే లెక్క తప్పేది. కార్డు మూసినప్పుడు ఈ బొమ్మ ముందుకి వాలుతుంది. ఎంత దాకా వెళ్తుంది? గాటు పొడవుకి బొమ్మ ఎత్తు కలిపితే ఎంత వస్తే అంత. గాటు 50, కొవ్వొత్తుల కొస దాకా బొమ్మ ఎత్తు 88 అయితే మొత్తం 138. కార్డు సగం 148 కదా, అంచుకి 10 మిల్లీమీటర్లు లోపలే ఆగిపోతుంది. అదే బొమ్మని 110 ఎత్తు చేస్తే 160 అవుతుంది, మూసిన కార్డులోంచి కొవ్వొత్తి కొసలు 12 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. కవర్లో పెట్టగానే వంగిపోతాయి. బొమ్మ గీయకముందే ఈ కూడిక చేసుకోండి.

గాట్లు రెండూ సమానంగా లేకపోతే పెట్టె ఒక పక్కకి ఒరుగుతుంది. ఒకటి 50, ఇంకోటి 52 ఉన్నా చాలు, తెరిచినప్పుడు కేకు వంకరగా కనిపిస్తుంది, మూసినప్పుడు ముడత పడుతుంది. మడిచి ఉన్నప్పుడే రెండు పొరలూ కలిపి కోస్తే, కనీసం పై సగానికీ కింది సగానికీ తేడా రాదు.

ఇప్పుడు జిగురు. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. లోపలి పేజీ అంతా పూస్తే కాగితం పీచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ఇదిగో ఇలా అలలు తేలుతుంది. పైగా స్కెచ్ పెన్నుల రంగు పాకుతుంది. కేకు బొమ్మ లాంటి చిన్న ముక్కలకి ఫెవికాల్ బాగానే పట్టుకుంటుంది, అగ్గిపుల్ల కొసతో చుక్కలు పెట్టండి, చాలు. పేజీ అట్టకి అతికించడానికి డబుల్ సైడ్ టేపు మేలు. నాలుగు అంచుల చుట్టూ, మడతకి 5 మిల్లీమీటర్లు వదిలి వేయండి. పెట్టె వెనకాల మాత్రం ఏ జిగురూ తగలకూడదు. తగిలితే పాప్అప్ లేవదు. గ్లూ స్టిక్ తాత్కాలికం, రెండు మూడు నెలల్లో అంచులు లేస్తాయి.

అతికించే వరస కూడా ఉంది. లోపలి పేజీని నాలుగు వైపులా 2 మిల్లీమీటర్లు తగ్గించి కోసుకోండి. ముందు ఒక సగం అతికించండి. తర్వాత పేజీని మూసి, రెండో సగం టేపు కాగితం ఊడదీసి, అట్టని దాని మీదకి మూయండి. కార్డు మూసి ఉండగా అతికిందన్నమాట. పరిచి ఉంచి రెండు సగాలూ ఒకేసారి అతికిస్తే మూసేటప్పుడు లోపలి పేజీకి చోటు చాలక ముడత వస్తుంది.

అట్ట మీద తెలుగులో రాయండి, చాలా అందంగా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలకి వేసినట్టు గీతలు దగ్గరగా వేస్తే మాత్రం కుదరదు, మనకి వత్తులు కిందికి దిగుతాయి. "పుట్టినరోజు"లో ట వత్తు, "శుభాకాంక్షలు"లో క్ష కాలు. అక్షరం 15 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుంటే కింద ఇంకో 10 మిల్లీమీటర్లు వదిలి తర్వాతి గీత వేయండి. ఇంకో సుళువుంది. పు, ట్టి, న, రో, జు: ఐదు అక్షరాలు. శు, భా, కాం, క్ష, లు: ఇవీ ఐదే. గీత మధ్యలో ముందు "న" రాసి, దాని కింద "కాం" రాసి, అక్కడి నుంచి రెండు వైపులకీ పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లండి. ఎడమ నుంచి మొదలుపెడితే చివర్లో "లు" అంచుకి ఇరుక్కుంటుంది.

మూడోది షేకర్ కార్డు. పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు వెనకాల మెరుపు బిళ్లలు పోసి, చుట్టూ ఫోమ్ టేపు వేసి మూసేది. చూడ్డానికి బాగుంటుంది. ఫోమ్ టేపు మూలల దగ్గర వెంట్రుకంత సందున్నా బిళ్లలు రాలతాయి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వద్దు, రాలినవి నోట్లో పెట్టుకుంటారు. మా మార్కు రెండో కార్డుకే.

సరే, తినేవాటికి వద్దాం. మొదట సున్నుండలు. పొట్టు మినప్పప్పు 250 గ్రాములు, బియ్యం ఒక పెద్ద చెంచా, బెల్లం 200 గ్రాములు, నెయ్యి సుమారు 125 గ్రాములు. పెద్ద ఉండలు చేయకండి. పిల్లల చేతికి 15 గ్రాముల ఉండ చాలు, ఈ కొలతకి 36 దాకా వస్తాయి. ఒక క్లాసుకి సరిపోతాయి.

పప్పు సన్న సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు, గరిటె ఆపకుండా వేయించాలి. పెద్ద మంట పెడితే పొట్టు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పొట్టు నల్లగా ఉంటుంది కాబట్టి బయటి రంగు చూసి తెలుసుకోలేం. నాలుగు పలుకులు తీసి చల్లార్చి కొరికి చూడండి. లోపల లేత బంగారు రంగు ఉండాలి, కరకరమనాలి, పంటికి అంటకూడదు. పప్పు సగం వేగాక బియ్యం వేయండి. ఆ చెంచాడు బియ్యమే ఉండ అంగిటికి అంటుకోకుండా కాపాడుతుంది.

పూర్తిగా చల్లారాకే మిక్సీ. వేడిగా వేస్తే ఆవిరి చెమ్మకి పిండి గడ్డలు కడుతుంది, నిలవా ఉండదు. సన్న రవ్వలా పట్టి, తురిమిన బెల్లం వేసి రెండుసార్లు తిప్పండి. నెయ్యి గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పోయాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలబడి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. అక్కడ నెయ్యి ఆపేయండి. ఎక్కువైతే ఉండలు పళ్లెంలో కూర్చునే చోట చపటబడతాయి. అలా అయితే పచ్చి పిండి కలపకండి, పిండిని అరగంట చల్లటి చోట పెడితే నెయ్యి పేరుకుని ఉండ నిలుస్తుంది. చేతికి తడి తగలకుండా చేసి, పొడి డబ్బాలో పెడితే రెండు వారాలు హాయిగా ఉంటాయి. బటర్ పేపర్‌లో ఒక్కోటి చుట్టండి, బ్యాగులో ఒకదానికొకటి రాసుకోవు.

రెండోది ఇంట్లో చేసే చాక్లెట్లు. డార్క్ కాంపౌండ్ 200, మిల్క్ కాంపౌండ్ 200 గ్రాములు, 10 గ్రాముల అచ్చులకి 40 వస్తాయి. కాంపౌండ్ అంటే కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ కొవ్వు వేసిన చాక్లెట్ కాబట్టి కరిగించి పోస్తే చాలు, టెంపరింగ్, అంటే వేడి కొలుచుకుంటూ కరిగించి చల్లార్చే పని, అక్కర్లేదు. సన్నగా తరిగి, వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. నీళ్లు పై గిన్నె అడుగుకి తగలకూడదు. మూత అసలు పెట్టకండి. మూత మీంచి ఒక్క చుక్క పడినా చాలు. ఇదిగో చూడండి, ఇది కరిగి జారుతున్న చాక్లెట్, ఇందులో చిన్న చెంచా కొసతో నీళ్లు వేస్తున్నాం. కలుపుతుంటే క్షణాల్లో గరుకుగా, తడి మట్టిలా ముద్దకట్టింది. చక్కెర, కోకో పొడి రేణువులు ఆ తడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇక అచ్చుకి పనికిరాదు. పారేయక్కర్లేదు, వేడి పాలు పోసి కలిపితే కేకు మీద పోసుకునే సాస్ అవుతుంది.

అచ్చులు ఫ్రిజ్‌లో 15 నిమిషాలు, ఫ్రీజర్‌లో వద్దు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా రేకు చుట్టకండి. చల్లటి చాక్లెట్ మీద చెమ్మ పడుతుంది, ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. డిసెంబరు, జనవరిలో పుట్టినరోజైతే ఇవి పంచండి. ఏప్రిల్‌లో అయితే వద్దు, మన ఎండలకి మధ్యాహ్నానికి రేకులో పేస్టే మిగులుతుంది.

పల్లీ పట్టీ, అదే చిక్కీ, 250 గ్రాముల పల్లీలకి 200 గ్రాముల బెల్లం. బెల్లం కరిగాక ఒకసారి వడకట్టండి, ఇసుక ఉంటుంది. చన్నీళ్ల పళ్లెంలో వేసిన పాకం చుక్క టప్పున విరగాలి. సాగుతుంటే ఇంకా పాకం ముదరలేదు, అప్పుడే దించితే పళ్లకి అతుక్కుంటుంది. రుచికి ఇదే మొదటి స్థానం. కానీ స్కూల్లో పంచొద్దనే చెప్తాను. పల్లీలు పడని పిల్లలుంటారు, అది చిన్న విషయం కాదు. ఐదేళ్లలోపు పిల్లలకి పల్లీ పలుకులు గొంతుకి అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది.

ఇక గుడ్డు లేని కేకు, సాయంత్రం ఇంట్లో కోయడానికి. ఒక కప్పు పెరుగు, 150 గ్రాముల చక్కెర కరిగేదాకా కలిపి, బేకింగ్ పౌడర్ ఒకటింపావు చిన్న చెంచా, వంటసోడా అర చిన్న చెంచా వేస్తే ఐదు నిమిషాల్లో నురగ వస్తుంది. దాంట్లో అరకప్పు నూనె, వెనిలా, తర్వాత 190 గ్రాముల మైదా. మైదా వేశాక ఉండలు పోయేదాకా కలిపి ఆపేయండి, ఎక్కువ తిప్పితే కేకు సాగుతుంది. వెంటనే 180 డిగ్రీల ఓవెన్‌లో, 7 అంగుళాల గిన్నెలో, 35 నిమిషాలు. సోడా పెరుగుతో కలిసిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది, పిండి కలిపి అరగంట పక్కన పెడితే బుడగలు పోయి కేకు రాయిలా వస్తుంది. మొదటి పాతిక నిమిషాలు తలుపు తీయకండి, మధ్యలో కుంగుతుంది.

పనుల వరస ఇలా పెట్టుకోండి. సున్నుండలు మూడు రోజుల ముందు, కార్డులు రెండు రోజుల ముందు, చాక్లెట్లూ కేకూ ముందురోజు సాయంత్రం. స్కూలుకి పంపే ప్రతి పొట్లానికీ ఒక బుజ్జి మడత కార్డు కట్టి, దాని వెనక పెన్నుతో "ఇందులో మినప్పప్పు, బియ్యం, బెల్లం, నెయ్యి ఉన్నాయి" అని రాయించండి. ఆ రాత మాత్రం పొట్లం విప్పకముందే కనపడేలా ఉండాలి. పొట్లం తెరిచేది పిల్లలు, చదివేది వాళ్ల అమ్మానాన్నలు.