గేటు దగ్గర నిలబడిన పిల్ల

శ్రోతలందరికీ నమస్కారం.

పెళ్లిళ్లలో గ్రూప్ ఫోటో తీసేటప్పుడు మీరు చూసే ఉంటారు, ఎవరో ఒకరు "నేనెందుకులేండి, మీరు నిలబడండి" అంటూ మెల్లగా వెనక్కి జరిగిపోతారు. ఫోటోలో పడాలని వాళ్లకు ఉండదా అంటే, ఉంటుంది, కానీ ముందుకు రావడానికి కాళ్లు రావు. ఇవాళ వాళ్లతోనే మాట్లాడాలని ఉంది. ముందుగా ఒక పిల్ల కథ చెబుతాను, నాకు ప్రాణమైన కథ.

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. దేశం నలుమూలల నుంచి నాయకులు దిగారు. సభలతో పాటే ఖాదీ ప్రదర్శన కూడా పెట్టారు, లోపలికి వెళ్లాలంటే టికెట్ ఉండాలి. ఆ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది రాజమండ్రి అమ్మాయి, దుర్గాబాయి. వయసు 14. టికెట్ లేనివాళ్లను పంపొద్దని ఆమెకు చెప్పారు, అదే ఆమె పని. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆపేసింది. నెహ్రూ గారిని, ఆ 14 ఏళ్ల పిల్ల, గేటు దగ్గర ఆపేసిందండీ! నిర్వాహకులకు కోపం వచ్చింది, మందలించారు. మీరు చెప్పినట్టే చేస్తున్నాను అంది. అంతకుమించి ఏమీ అనలేదు. చివరికి వాళ్లు ఆయనకు టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. నెహ్రూ గారు నొచ్చుకోలేదు సరికదా, తన పని తాను ధైర్యంగా చేసిందని మెచ్చుకున్నారు.

ఈ కథ ఎవరికి చెప్పినా "అబ్బ, పుట్టుకతోనే వచ్చిన ధైర్యం" అంటారు. నాకు మాత్రం అలా అనిపించదు. ఆమె చూపంతా టికెట్ మీద ఉంది. నేను ఎలా కనిపిస్తున్నాను, వీళ్లేమనుకుంటారు అనే బెంగకు అక్కడ చోటు లేదు. టికెట్ ఉందా, లేదా. పైగా నలుగురిలో నిలబడటం ఆమెకు ఆ రోజే మొదలు కాదు, అప్పటికే రాజమండ్రిలో ఆడవాళ్లకు హిందీ నేర్పుతోంది. అలా రోజూ కాస్త కాస్తగా అలవాటైన గొంతు అది.

ఆ గొంతే తర్వాత ఉప్పు సత్యాగ్రహంలోకి, జైళ్లలోకి వెళ్లింది, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టింది, రాజ్యాంగ సభలో వినిపించింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారంటే మనకు గుర్తొచ్చేది ఆ పెద్ద పనులే. నాకు మాత్రం ముందు ఆ గేటే గుర్తొస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మనం నోరు తెరిచే ముందు ఏమంటాం? "నాకు పెద్దగా తెలీదు గానీ..." "తప్పయితే ఏమనుకోకండి గానీ..." ఈ మాట ఎన్నిసార్లు అంటామో ఒక్క రోజు లెక్కపెట్టి చూడండి. చెప్పబోయేది ఎంత మంచి మాటైనా, ఆ "గానీ" దగ్గరే సగం చచ్చిపోతుంది. వినయం మంచిదే, పెద్దలు నేర్పిందే, నేనూ కాదనను. కానీ ఇది వినయం కాదు, మనల్ని మనమే ముందుగా వెనక్కి నెట్టుకోవడం. ఆ పిల్ల గేటు దగ్గర "తప్పయితే ఏమనుకోకండి" అనలేదు. టికెట్ లేదు కాబట్టి పంపను, అంతే. అందుకే నేను అడిగేది ఒక్కటే. ఆ ముందుమాట తీసేయండి. ఇంకేమీ మార్చుకోనక్కర్లేదు, మీ యాస, మీ గొంతు, వణుకుంటే ఆ వణుకుతో సహా అలాగే ఉండనివ్వండి. ఆ ముందుమాట ఒక్కటి తీసేయండి.

మా పిన్నికి కూడా ఇదే చెప్పాను. వాళ్ల పొదుపు సంఘంలో ఆమె పదేళ్లుగా ఉంది, మీటింగుల్లో చాప అంచున కూర్చుని, అందరూ సంతకాలు పెట్టాక తనూ పెట్టి వచ్చేస్తుంది. పోయిన నెల వడ్డీ లెక్క చదువుతుంటే ఆమెకు ఎక్కడో తేడా కొట్టింది. గుండె దడదడలాడిందట, చేతులు చెమటలు పట్టాయట. అయినా "నాకు తెలీదు గానీ" అనకుండా, "ఆ లెక్క ఇంకోసారి చదవండి" అంది. చదివారు. తేడా దొరికింది. ఈ నెల మీటింగుకి వెళ్లేసరికి లెక్కల పుస్తకం పక్కన ఆమెకు చోటు ఉంచారట, ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ చాలాసేపు నవ్వింది.

ఉంటానండీ, సెలవు.